యాకోబు అను పేరు

ధ్యాన భాగము: ఆదికాండము 25:19–26, 32:22–32



పోయిన కోతల కాలములో మా సంఘములోని యువదంపతులు తమ పసిబిడ్డ బాప్తిస్మము విషయమై మాటలాడుటకు మా ఇంటికి వచ్చిరి. బిడ్డకు తన తాతగారి పేరైన యాకోబు అను పేరు పెట్టవలెనని తండ్రి కోరెను. తల్లి తల వంచుకొని ఊరకుండెను. కారణమేమని అడుగగా ఆమె రెండు సంగతులు చెప్పెను. యాకోబు అనగా మోసగాడు అని ఆమె తమ్ముడు ఫోనులో చూచి చెప్పెనట. అది మొదటిది. రెండవది మా ఊరంతయు ఎరిగినదే. ఆ తాతగారు బ్రదికియుండగా ఉమ్మడి బావి విషయమై తన తమ్మునితో కలహించి, అతని నీళ్ల వంతు కూడ తానే లాగుకొనెను. అప్పటినుండి ఆ రెండు ఇండ్లవారు ఒక పంక్తిని కూర్చుండి భోజనము చేయలేదు. పేరుతోపాటు ఆ గుణము కూడ బిడ్డకు వచ్చునేమో యని ఆ తల్లి భయము.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. రెండు వారములు గడువు అడిగి, ఆ పేరును గూర్చియు, ఆ పేరు పెట్టుకొని మన సీమలో జీవించి గతించిన ఒక దైవజనుని గూర్చియు చదివి ఆలోచించితిని. ఆ ఆలోచనలనే ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాను.

మన పల్లెలలో పేరు పెట్టుట చిన్న సంగతి కాదు. పుట్టిన బిడ్డలు వరుసగా చనిపోవు ఇంటిలో, దక్కిన బిడ్డను పెంటకుప్పమీద దొర్లించి పెంటయ్య అనియు, ఎంగిలి విస్తళ్లలో పొర్లించి పుల్లయ్య అనియు పిలుచు ఆచారము పెద్దలెరుగుదురు. హీనమైన పేరు విని మృత్యువు ఆ బిడ్డను తాకక పోవునని వారి ఆశ. చనిపోయిన తాత పేరు మనుమనికి పెట్టుట మరియొక ఆచారము. మదనపల్లెలోనే 1895వ సంవత్సరమున ఒక ఇంటిలో ఎనిమిదవ బిడ్డ పుట్టెను. దేవకీదేవికి కృష్ణుడు ఎనిమిదవ సంతానమని ఎంచి, తలిదండ్రులు ఆ బిడ్డకు కృష్ణమూర్తి యని పేరు పెట్టిరి. తరువాత లోకమంతట పేరు పొందిన జిడ్డు కృష్ణమూర్తిగారు ఆయనే. ఏ మతస్థులమైనను బిడ్డ పేరులో మన భయమును, మన ఆశను, మన జ్ఞాపకమును దాచి ఉంచుదుము. కావున ఆ తల్లి భయమును చూచి నేను నవ్వలేదు.

పేరు యొక్క అర్థము

యాకోబు అనునది హెబ్రీ పేరు. ఆ భాషలో మడిమెకు గల మాటతో ఈ పేరునకు సంబంధమున్నది. రిబ్కా కవలలను కనినప్పుడు రెండవవాడు మొదటివాని మడిమెను పట్టుకొని బయటికి వచ్చెను గనుక అతనికి ఆ పేరు కలిగినదని ఆదికాండము 25వ అధ్యాయము చెప్పుచున్నది. మడిమెను పట్టుకొనుట యనగా వెనుకనుండి వచ్చి ఒకని పడద్రోసి అతని చోటు తీసికొనుట యను అర్థము కూడ ఆ భాషలో వచ్చును. జ్యేష్ఠత్వమును, తండ్రి దీవెనను పోగొట్టుకొనిన ఏశావు 27వ అధ్యాయములో కంట నీరు పెట్టుకొని ఈ అర్థమునే ఎత్తి చూపెను. కాబట్టి ఫోనులో ఆ తమ్ముడు చూచిన సంగతి పూర్తిగా అబద్ధము కాదు. అయితే అది నొచ్చుకొనిన అన్న కోపములో చెప్పిన అర్థమే గాని తలిదండ్రులు పెట్టిన అర్థము కాదు.

హెబ్రీ భాషా పండితులలో అనేకులు ఇంకొక అర్థము కూడ చెప్పుదురు. ఈ పేరు మొదట పొడవైన పేరుగా ఉండెననియు, దేవుడు కాపాడును గాక యని దాని భావమనియు వారి అభిప్రాయము. ఐగుప్తు రాజైన మూడవ తుత్మోసు క్రీస్తునకు పూర్వము 15వ శతాబ్దములో తాను జయించిన కనాను ఊళ్ల పేర్లను కర్నాకు గుడి గోడలమీద చెక్కించెను. వాటిలో యాకోబ్‌ఏల్ అని చదువదగిన ఊరి పేరు ఒకటి కలదు. దాని చివర నున్న ఏల్ అను మాటకు దేవుడని అర్థము. బేతేలు, ఇశ్రాయేలు, దానియేలు అను పేర్ల చివర నున్నదియు ఆ మాటయే. ఇట్లు ఒకే పేరులో పట్టుకొనువాడు అనియు, దేవునిచేత కాపాడబడువాడు అనియు రెండు అర్థములు ప్రక్కప్రక్కన నిలిచియున్నవి. ఏ అర్థము నెరవేరునో ఆ మనుష్యుని జీవితము తెలుపవలెను.

పేరు వ్యాపించిన విధము

మోసగాడను నిందయే ఈ పేరునకు మిగిలియుండిన యెడల ఎవరును దానిని తమ బిడ్డలకు పెట్టకపోదురు. జరిగినది వేరు. మత్తయి సువార్త మొదటి అధ్యాయములో మరియ భర్తయైన యోసేపు తండ్రి పేరు యాకోబు. ప్రభువు పండ్రెండుమంది శిష్యులలో ఇద్దరు యాకోబులు, ఒకరు జెబెదయి కుమారుడు, మరియొకరు అల్ఫయి కుమారుడు. ప్రభువు సహోదరుడైన యాకోబు యెరూషలేము సంఘమునకు స్తంభమువంటివాడు. ఇంగ్లీషులో వీరిని జేమ్స్ అందురు గనుక ఇది వేరొక పేరని మనలో కొందరనుకొందురు. హెబ్రీ పేరు గ్రీకులోనికిని, లాటినులోనికిని పోయి, పలువురి నోళ్లలో అరిగి అరిగి జేమ్స్ అయినది. 1611వ సంవత్సరమున ఇంగ్లీషు బైబిలు అచ్చయినప్పుడు ఏలుచుండిన రాజు జేమ్స్‌కు లాటిను రాతలలో పేరు యాకోబే. చిలీ దేశపు రాజధానియైన శాంటియాగో యనగా పరిశుద్ధుడైన యాకోబు. మన తెలుగు బైబిలు ఆ పితరునికిని ఈ అపొస్తలులకును ఒకే పేరు ఉంచినది.

మన కుప్పము మూడు భాషల కూడలి. అక్కడనుండి ఒక ప్రక్కకు పోయిన తమిళ సంఘములలో యాక్కోబు అందురు. మరియొక ప్రక్క కన్నడ సంఘములలో యాకోబ అందురు. కేరళలో చాకో అను పేరు వినిన యెడల అదియు ఇదే పేరని తెలిసికొనుడి. ముసల్మాను సోదరులు యాకూబ్ అని పెట్టుకొందురు. వరంగల్లు సీమలో అన్నారము దర్గాలో యాకూబ్ బాబా పేరిట మ్రొక్కుకొని బిడ్డలను కనిన హిందూ కుటుంబములవారు యాకయ్య, యాకమ్మ అని పేర్లు పెట్టుదురు. అమెరికా దేశములో 1999 మొదలుకొని 2012 వరకు, వరుసగా 14 సంవత్సరములు, మగబిడ్డలకు పెట్టిన పేర్లలో జేకబ్ అనునదే మొదటి స్థానములో నుండెను. మా సంఘపు బాప్తిస్మపు పుస్తకములో పాత పుటలు తిరుగవేసిన యెడల యాకోబులు కనబడుదురు. క్రొత్త పుటలలో అదే పేరు జేకబ్ అనియు, జాకబ్ అనియు వ్రాయబడియున్నది.

ఆ పేరు గల వారిలో ఒకరి జీవితము మన మదనపల్లె, పలమనేరు ప్రాంతములతో పెనవేసికొని యున్నది. ఆయన మదనపల్లె మిషనరీ, వైద్యుడు, డాక్టరు జేకబ్ చేంబర్లేన్‌గారు.

జేకబ్ చేంబర్లేన్‌గారు

ఆయన 1835వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీన అమెరికా దేశమున కనెక్టికట్ రాష్ట్రములో జన్మించెను. ఆ ఊరి పేరు షారోను. యెషయా గ్రంథము చదివినవారికి ఆ పేరు క్రొత్త కాదు. ఆ ప్రాంతమునకు మొదట వలస వచ్చిన భక్తులు తమ బిడ్డలకును, తమ ఊళ్లకును హెబ్రీ పేర్లు పెట్టుటయందు మిక్కిలి ప్రీతి గలవారు. ఒహాయో రాష్ట్రములోని హడ్సను అను ఊరిలో ఆయన పెరిగెను. 1856లో అక్కడి వెస్టర్న్ రిజర్వు కళాశాలలోను, 1859లో న్యూ బ్రన్స్‌విక్ వేదాంత పాఠశాలలోను చదువు ముగించెను. వైద్యము కూడ నేర్చెను. అదే సంవత్సరము షార్లెట్ బర్జ్ అను ఆమెను వివాహము చేసికొని, డిసెంబరు నెలలో ఓడ యెక్కెను. అప్పటికి సూయజు కాలువ తెరువబడలేదు. అది 1869లో గాని తెరువబడలేదు. ఆఫ్రికా ఖండమును చుట్టి వచ్చు తెరచాప ఓడలో నెలల తరబడి ప్రయాణము చేసి, 1860లో ఆ దంపతులు చెన్నపట్టణము చేరిరి. అప్పటికి ఆయన వయస్సు 25 సంవత్సరములు. తండ్రి యిల్లు విడిచి చేతికఱ్ఱతో యొర్దాను దాటిన పితరుడైన యాకోబును ఇక్కడ తలంచుకొనవచ్చును.

ఆయనను పంపినది అమెరికాలోని రిఫార్ముడు సంఘము. ఆ సంఘపు ఆర్కాటు మిషనును 1853లో స్కడ్డరు సహోదరులు స్థాపించిరి. మిషను పని ఎక్కువగా తమిళులలో జరుగుచుండెను. చేంబర్లేన్‌గారికి తెలుగు సీమ అప్పగింపబడెను. మొగిలి కనుమ ఎక్కి మిట్టమీద నున్న పలమనేరులో ఆయన పని ఆరంభించి, 1863లో మదనపల్లె వచ్చెను. అప్పుడు చిత్తూరు జిల్లా లేదు, అది 1911లో ఏర్పడెను. మదనపల్లె కడప జిల్లాలో నుండెను. మదనపల్లెలో ఆయన వైద్యశాల నడుపుచు, చుట్టునున్న పల్లెలు తిరుగుచు సువార్త చెప్పుచుండెను. వైద్యశాలయందు ప్రతి ఉదయము మందులిచ్చుటకు ముందు, కూడిన రోగులకు వాక్యము చదివి ప్రార్థన చేయుట ఆయన పద్ధతి. తేలు కాటు, పాము కాటు, కలరా, కంటి జబ్బులు, ఏది వచ్చినను ఎంతో దూరమునుండి బండ్లమీదను డోలీలమీదను జనులు వచ్చుచుండిరి.

1863వ సంవత్సరముననే ఆయన జీవితములోని గొప్ప ప్రయాణము జరిగెను. నైజాము రాజ్యముగుండా మధ్య ఇండియా వరకు, అంతకుముందు సువార్తికులు ఎన్నడు పోని చోట్లకు, సువార్త భాగములను కరపత్రములను తీసికొని పోవలెనని ఆయన బయలుదేరెను. ఆ ప్రయాణము సుమారు 1,200 మైళ్లు. గుఱ్ఱముమీదను, కాలినడకను, బండ్లతోను ఆ దూరమంతయు నడిచిరి. ఆయన వెంట మన దేశస్థులైన బోధకులును, పుస్తకముల మూటలు మోయు కూలీలును ఉండిరి. ఈ కథ చెప్పువారు చేంబర్లేన్‌గారి పేరు ఒక్కటే చెప్పుదురు. అయితే ఆ బోధకుల గొంతు లేకయు, ఆ కూలీల భుజములు లేకయు ఆ గ్రంథములు ఒక్క మైలు కదలియుండవు. వారి పేర్లు పుస్తకములకెక్కకపోయినను దేవుడెరుగును.

ఆ ప్రయాణములో రెండు సంఘటనలు జరిగెను. తరువాత ఆయన వ్రాసిన పులుల అడవిలో అను అర్థము గల ఇంగ్లీషు గ్రంథము 1896లో వెలువడెను. అవి ఆ గ్రంథమువలన మిక్కిలి ప్రసిద్ధములైనవి.

మొదటిది నైజాము రాజ్యములో కోటగోడ గల ఒక పట్టణములో జరిగెను. సువార్త ప్రకటించుటకు వీధిలో నిలిచిన ఆయనను, ఆయనతో నున్నవారిని జనులు చుట్టుముట్టి వెళ్లిపొమ్మనిరి. పోకపోయిన యెడల చంపుటకై చేతులనిండ రాళ్లు పట్టుకొనిరి. మొదటి రాయి ఎవరు విసరుదురా యని చూచుచుండిన ఘడియ అది. ఆయన వారిని ఒక్క మనవి అడిగెను. తనకు ఒక కథ చెప్పుటకు సెలవిమ్మనియు, కథ అయిన తరువాత వారి యిష్టమైనట్లు చేయవచ్చుననియు వేడుకొనెను. కథలయందు మన జనులకున్న ప్రీతి మీరెరుగుదురు. వారు ఒప్పుకొనిరి. ఆయన బేత్లెహేము మొదలుకొని కల్వరి వరకు ప్రభువు చరిత్ర చెప్పెను. రోగులను ముట్టి స్వస్థపరచిన సంగతియు, సిలువమీద నొందిన బాధయు వినుచుండగా జనుల ముఖములు మారెను. కొందరు కన్నులు తుడుచుకొనిరి. చేతులలోని రాళ్లు ఒక్కటొక్కటిగా వీధిలో జారిపడెను. చంపవచ్చినవారే డబ్బిచ్చి సువార్త పుస్తకములు కొనిరి.

రెండవది గోదావరి నది యొడ్డున జరిగెను. పడవ ప్రయాణమునకు అనుకొనిన స్టీమరు యంత్రము చెడిపోగా, వారు సుమారు 75 మైళ్లు జ్వరముల అడవిగుండా నడువవలసి వచ్చెను. వర్షకాలము, గోదావరి పొంగుచున్నది. ఉపనదుల లోనికి వెనుకకు తన్నిన నీరు త్రోవలను ముంచెను. పొద్దు వాలుచున్నది. రాత్రి నిలుచుటకు మిట్ట కనబడలేదు. ఆ అడవి పులులకు పేరుపొందినది. కూలీలు భయముతో నిలువలేకుండిరి. చేంబర్లేన్‌గారు గుఱ్ఱముమీదనే ఒంటరిగా ప్రార్థించెను. త్రోవ విడిచి ఎడమకు తిరిగి గోదావరి వైపు పొమ్మను ప్రేరేపణ ఆయన మనస్సులో బలముగా కలిగెను. నది నానాటికి పొంగుచుండగా నదివైపునకే పొమ్మనుట వెఱ్ఱితనముగా కనబడును. అయినను ఆయన అందరిని అటు నడిపించెను. ఒడ్డు చేరి చూడగా పైనుండి కట్టు తెగి వరదకు కొట్టుకొని వచ్చిన ఒక పెద్ద బల్లకట్టు, ఎంత ఆపినను ఆగక వచ్చి, ఆ చోటనే గట్టునకు చేరియుండెను. వారందరు ఆ రాత్రి దానిమీద క్షేమముగా నుండిరి.

బేతేలులో రాయి తలక్రింద పెట్టుకొనిన యాకోబు కథలో రాళ్లున్నవి, హారాను బావిమీద రాయి దొర్లించిన సంగతి యున్నది, యబ్బోకు రేవు దగ్గర రాత్రి యున్నది. ఈ యాకోబు కథలోను రాళ్లును, ఏరును, రాత్రియు ఉన్నవి. అంతమాత్రమే గాక, యబ్బోకు రేవు దాటిన యాకోబు కుంటుచు నడిచెను. చేంబర్లేన్‌గారు కూడ ఆ అడవిలో పట్టిన జ్వరమును మోసికొని తిరిగి వచ్చెను. ఆ జ్వరము మరల మరల తిరుగబెట్టి ఆయన దేహమును కడవరకు బాధించెను. చికిత్స కొరకును, విశ్రాంతి కొరకును ఆయన పలుమార్లు పనిని విడువవలసి వచ్చెను. పులులకు అప్పగింపబడలేదు గాని జ్వరము తప్పలేదు. దేవుడు కాపాడుట యనగా గాయము లేకుండ దాటించుట యని మనము తలంతుము. ఈ ఇద్దరు యాకోబుల విషయములో అట్లు జరుగలేదు.

కుంటినడక గల ఆ మనుష్యుని గొప్ప పని ఆ తరువాతనే జరిగెను. 1873 మొదలుకొని 1894 వరకు తెలుగు బైబిలు సవరణ సంఘమునకు ఆయన అధ్యక్షుడుగా నుండెను. విశాఖపట్టణములో లండను మిషనుకు చెందిన జాన్ హేగారివంటి తెలుగు పండితులైన మిషనరీలు ఆ కార్యములో పాలివారు. ఒక మిషనువారు వాడు మాట మరియొక మిషనువారికి నచ్చదు. కోస్తావారి పలుకుబడి వేరు, మన సీమ పలుకుబడి వేరు. ఒక్కొక్క వాక్యముమీద హెబ్రీయు గ్రీకును ఎదుట పెట్టుకొని వాదించి, ఒప్పించి, ఒప్పుకొని ముందుకు సాగవలెను. మడిమెను పట్టుకొనిన పట్టు విడువని గుణము గలవానికే అది చెల్లును. పితరుడైన యాకోబు లాబాను ఇంట 20 సంవత్సరములు పగటి ఎండకును, రాత్రి మంచునకును ఓర్చి కొలువు చేసెను. ఈయన కొలువు 21 సంవత్సరములు అక్షరముల మధ్య జరిగెను. పిమ్మట ఆయన తెలుగులో బైబిలు నిఘంటువు వ్రాయ పూనుకొని కడవరకు దానిమీద పనిచేసెను.

పలమనేరులో 1888లో ఆరంభమైన ఆర్కాటు మిషను వేదాంత పాఠశాలకు అమెరికాలో ధనము ప్రోగుచేసినవాడును ఆయనయే. దేశీయ సంఘమునకు దేశీయ కాపరులు ఉండవలెనని ఆయన నమ్మిక. విడివిడిగా నున్న మిషనుల సంఘములు ఇండియాలో ఒక్కటి కావలెనని కూడ ఆయన ప్రయాసపడెను. పండ్రెండుమంది కుమారులు కలహించినను ఒక్క యాకోబు ఇంటివారే గదా. ఆయన గతించిన సంవత్సరమే దక్షిణ ఇండియా ఐక్య సంఘము ఏర్పడెను. 1947వ సంవత్సరము సెప్టెంబరు 27వ తేదీన దక్షిణ ఇండియా సంఘము ఏర్పడి, మన ప్రాంతపు సంఘములు రాయలసీమ డయాసిస్‌లో చేరినవి.

ఆయనను దేవదూతగా చూపుట నా ఉద్దేశము కాదు. ఆయన దొరతనపు కాలములో వచ్చిన దొర. ఆయన గ్రంథములు అమెరికా పాఠకుల కొరకు వ్రాసినవి. మన పొరుగువారి మతాచారములను గూర్చి అందులో వ్రాసిన మాటలు కొన్ని పరదేశి కన్నులతో చూచి వ్రాసినవే. వాటిని నేడు చదువు మనకు అవి కటువుగా నుండును. మంచివారి జీవితములలోని కొరతలను దాచుట పరిశుద్ధ గ్రంథపు పద్ధతి కాదు. యాకోబు చరిత్ర వ్రాసిన గ్రంథము అతని మోసమును ఒక్కటి కూడ దాచలేదు.

ఆయన తన కుమారునికి విలియం ఇస్సాకు అని పేరు పెట్టెను. బైబిలులో ఇస్సాకు తండ్రి, యాకోబు కుమారుడు. ఈ ఇంటిలో యాకోబు తండ్రి, ఇస్సాకు కుమారుడు. ఆ కుమారుడును మిషనరీయై వేలూరులోని వూర్హీస్ కళాశాలకు అధిపతి యాయెను. చేంబర్లేన్‌గారు 1908వ సంవత్సరము మార్చి 2వ తేదీన మదనపల్లెలోనే తుది శ్వాస విడిచెను. అప్పటికి ఆయన వయస్సు 72 సంవత్సరములు. ఈ దేశమునకు వచ్చి 48 సంవత్సరములు కావచ్చెను. ఆయన ఆరంభించిన వైద్య పరిచర్య ఆయనతో ఆగిపోలేదు. 1911లో మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి తెరువబడెను. 1915 నుండి ఆరోగ్యవరములోని క్షయరోగ చికిత్సాలయము దూరదేశముల రోగులకు సహితము ఆశ్రయమాయెను.

రెండు సార్లు అడుగబడిన ప్రశ్న

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు తిరిగి వత్తము. యాకోబు జీవితములో ఒకే ప్రశ్న రెండు సార్లు అతనికి ఎదురాయెను. మొదటిసారి చూపు మందగించిన తండ్రి, నీవెవడవని అడిగెను. మేక పిల్లల తోళ్లు చేతులకు కట్టుకొనిన ఆ కుమారుడు ఏశావునని చెప్పెను. దీవెన దొరకెను గాని ఇల్లు విడువవలసి వచ్చెను. ఇరువది సంవత్సరముల పిమ్మట, అన్న 400 మందితో ఎదురు వచ్చుచున్నాడని విని భయపడిన రాత్రి, యబ్బోకు రేవు దగ్గర అతనితో పెనుగులాడినవాడు నీ పేరేమని అడిగెను. పెనుగులాడినవానికి అతని పేరు తెలియక అడుగలేదు. ఈసారి అతడు యాకోబునని ఒప్పుకొనెను. దొంగిలించిన పేరుతో పొందిన దీవెన అతనిని ఇరువది ఏండ్లు పరుగెత్తించెను. తన సొంత పేరు, దాని అర్థముతో సహా, ఒప్పుకొనిన తరువాత దొరకిన దీవెన అతనిని కుంటుచునైనను అన్న యెదుటికి నడిపించెను.

ఆ రాత్రి అతనికి ఇశ్రాయేలను క్రొత్త పేరు కలిగెను. ఇచ్చట ఒక విశేషము గమనించుడి. అబ్రామునకు అబ్రాహామని పేరు మారిన తరువాత ఆదికాండము అతనిని మరల అబ్రామని పిలువదు. యాకోబు విషయములో అట్లు కాదు. క్రొత్త పేరు వచ్చిన తరువాత కూడ పాత పేరే మాటిమాటికి వచ్చుచున్నది. ముసలితనములో ఐగుప్తునకు పోవు దారిలో, రాత్రి దర్శనములో, దేవుడు అతనిని పిలిచినది యాకోబు అను పాత పేరుతోనే. మండుచున్న పొదలోనుండి మోషేతో మాటలాడినప్పుడు దేవుడు తన్ను అబ్రాహాము దేవుడు, ఇస్సాకు దేవుడు అని చెప్పుకొని, యాకోబు దేవుడని కూడ చెప్పుకొనెను. ఇశ్రాయేలు అను గొప్ప పేరు ఉండగా ఈ మచ్చ గల పేరును తన పేరుతో కలిపికొనుటకు ఆయన సిగ్గుపడలేదు.

ఈ సంగతులే నేను ఆ దంపతులతో చెప్పితిని. పేరు బిడ్డకు గుణము నియ్యదు. పెంటయ్య యని పేరు పెట్టినంతమాత్రమున మృత్యువు వెనుదిరుగదు, యాకోబు అని పెట్టినంతమాత్రమున మోసము అంటదు. అయితే తాతగారు పట్టుకొనిన మడిమె ఇంకను ఆ ఇంటివారి చేతిలోనే యున్నది. బావి వంతు సంగతి అట్లే యుండగా, తాత పేరు మాత్రము గౌరవముగా మనుమని బిడ్డకు పెట్టుట యనగా, మేకతోలు కట్టుకొని తండ్రి యెదుట నిలుచుటవంటిదే. ఈ మాట చెప్పునప్పుడు నా గొంతు కొంచెము వణకెను. వారికి కోపము వచ్చి లేచిపోవుదురేమో యని భయపడితిని. ఆ యువకుడు చాలసేపు మాటలాడలేదు. తరువాత, చిన్నతాత బ్రదికియే యున్నాడు గదా అని మాత్రము చెప్పి లేచెను.

ఆ వారములో అతడు చిన్నతాత ఇంటికి రెండు సార్లు పోయెనట. మొదటిసారి ఆ ముసలాయన తలుపు తీయలేదు. రెండవసారి వారేమి మాటలాడుకొనిరో నేనడుగలేదు. నీళ్ల వంతు వ్రాతమూలముగా తిరిగి వచ్చెనని మాత్రము తరువాత సంఘపెద్దలు చెప్పిరి. ఇంకను ఒకటి రెండు సంగతులు తెగవలసియున్నవి.

బాప్తిస్మపు ఆదివారము చిన్నతాత మనుమని భుజము పట్టుకొని వచ్చి, చివరి వరుసలో కూర్చుండెను. నీళ్ల పాత్ర దగ్గర నిలిచి, ఈ బిడ్డకు ఏ పేరు పెట్టుదురని నేను అడిగితిని. ఎప్పుడును తండ్రియే జవాబు చెప్పును. ఆ దినమున తల్లి చెప్పెను. గుడిలో చివరి వరుస వరకు వినబడునట్లు ఆమె యాకోబు అని చెప్పెను.